బొమ్మల కంపెనీ నోటీసులు: ఎక్కడ తగ్గాం, ఎక్కడ నిలబడ్డాం

బొమ్మలతో వీడియోలు చేసే చానెళ్లకు కంపెనీల నుంచి వచ్చేవి మూడు రకాలు. మొదటిది యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ యంత్రం తనంతట తాను వేసే క్లెయిమ్. రెండోది మనిషి ఫారం నింపి వీడియోను తీసేయించే కాపీరైట్ తొలగింపు. స్ట్రైక్, అంటే చానెల్ మీద యూట్యూబ్ వేసే తప్పు గుర్తు, పడేది దీనికి. మూడోది లాయరు లెటర్‌హెడ్ మీద వచ్చే ట్రేడ్‌మార్క్ నోటీసు. అనంతపురంలో మేం నడిపే చిన్న స్టాప్‌మోషన్ (బొమ్మను కొద్దికొద్దిగా కదిపి తీసిన ఫొటోలతో వీడియో చేసే) చానెల్‌కు ఒకే బొమ్మల కంపెనీ తరఫున ఈ మూడూ వచ్చాయి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఒకదానికి ఇవ్వాల్సిన జవాబు ఇంకోదానికి ఇస్తే పని చెడుతుంది. మన వైపు చానెళ్లు ఎక్కువగా దెబ్బతినేది కూడా అక్కడే. ఏది వచ్చినా "కాపీరైట్ పడింది" అనేసి, అయితే వీడియో డిలీట్ చేస్తారు, లేకపోతే కోపంగా నాలుగు ముక్కలు రాసి పంపుతారు. స్ట్రైక్ పడ్డాక వీడియో డిలీట్ చేసినా స్ట్రైక్ పోదు. వాదించుకునే వీలు మాత్రం తగ్గిపోతుంది.

ముందు వీడియో సంగతి. కార్టూన్‌లో లోకాన్ని కాపాడే ముసుగు వీరుడి బొమ్మ. మా కథలో అతను కళ్యాణదుర్గం వైపు ఒక శెనక్కాయ చేలో బోరు మోటారు పక్కన కూర్చుని, రాత్రి త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందా అని కాపలా కాస్తుంటాడు. పొలం యజమాని బొమ్మ వచ్చి "యాడికీ పోవద్దప్పా, కరెంటొస్తే మోటరెయ్యి" అని చెప్పి పడుకుంటుంది. వీరుడి శక్తులేవీ పనికిరావు. సెకనుకు 12 ఫొటోల లెక్కన 200 సెకన్లకు 2,400 ఫొటోలు. గొంతులు, మాటలు, చేను సెట్టు అన్నీ మావే. కార్టూన్ నుంచి ఒక్క దృశ్యం కూడా తీసుకోలేదు. తర్వాత జరిగినదంతా ఈ ఒక్క విషయం మీద నడిచింది.

నోటీసు రాగానే చదవాల్సింది ఈమెయిల్ కాదు. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో పక్కన "కాపీరైట్" అని కనిపించేచోట నొక్కి, లోపలి వివరం చూడాలి. అక్కడ నాలుగు సంగతులుంటాయి: ఎవరు పంపారు (చాలాసార్లు కంపెనీ కాకుండా దాని తరఫున వెతికే ఏజెన్సీ పేరుంటుంది), ఏ కృతి మీద హక్కు ఉందంటున్నారు, వీడియోలో ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం దాకా, సంప్రదించాల్సిన ఈమెయిల్. మా తొలగింపులో కృతి అన్నచోట "యానిమేషన్ ధారావాహిక" అని, సమయం అన్నచోట "మొత్తం వీడియో" అని ఉంది. ధారావాహికలోని దృశ్యం ఒక్కటీ లేని వీడియోకు ఇలా రాశారంటే, టైటిల్‌లో పాత్ర పేరు చూసి గుంపగుత్తగా ఫారం నింపినట్టు. ఆ రెండు గడుల స్క్రీన్‌షాట్ వెంటనే తీసి పెట్టుకున్నాం. తర్వాత రాసిన ప్రతి కాగితానికీ అదే ఆధారం.

కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేరే వీడియోకు వచ్చింది, దాని కథ చిన్నది. బొమ్మ ఛాతీ మీద బటన్ నొక్కితే కార్టూన్ టైటిల్ ట్యూన్ మోగుతుంది. అది మా ఆడియోలో పడింది, యంత్రం పట్టుకుంది. ట్యూన్ వాళ్లదే కాబట్టి డిస్‌ప్యూట్ (క్లెయిమ్ తప్పన్న అభ్యంతరం) వేయలేదు. ఎడిటర్‌లో "ఎరేజ్ సాంగ్" వాడితే సంగీతం పోయి మాటలు మిగులుతాయి. అది కుదరకపోతే ఆ ముక్క వరకు మ్యూట్ చేయాలి. క్లెయిమ్ దానంతటదే పోతుంది, స్ట్రైక్ ఉండదు. మన తప్పున్నచోట డిస్‌ప్యూట్ వేస్తే కంపెనీకి 30 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు కాదంటే మనం అప్పీల్ చేయాలి, దానికి వాళ్ల గడువు 7 రోజులు. ఆ దశలో వాళ్లు నేరుగా తొలగింపు పంపొచ్చు. అంటే ఊరికే పోయే క్లెయిమ్‌ను మనమే స్ట్రైక్ దాకా తోసుకెళ్లినట్టు. ఇప్పుడు షూటింగ్‌కు ముందే బొమ్మ వీపు స్క్రూ విప్పి బటన్ సెల్స్ తీసేస్తాం. బొమ్మల వీడియోల్లో ముందు ప్రమాదం తెచ్చేది చాలాసార్లు శబ్దమే. 1987లో అమెరికాలో టాడ్ హేన్స్ బార్బీ బొమ్మలతో ఒక గాయని జీవితం మీద చిన్న సినిమా తీశారు. అది 1990లో పంపిణీ నుంచి ఆగిపోయింది పాటల అనుమతి గొడవతో, బొమ్మలతో కాదు.

ఇక తొలగింపు. దీన్ని ఎదుర్కోవాలా వద్దా తేల్చుకోవాలంటే బొమ్మ మీద కంపెనీకి ఏయే హక్కులున్నాయో విడదీసి చూడాలి. బొమ్మ ఆకారం ఒకటి, పేరూ లోగో ఒకటి, కార్టూన్ దృశ్యాలూ సంగీతమూ ఒకటి, పాత్ర అసలు గీసిన చిత్రం ఒకటి. నోటీసులో అన్నీ కలిపే రాస్తారు.

"బొమ్మ మేం కొన్నాం కదా" అనేది జవాబు కాదు. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 14(సి) ప్రకారం ఒక కళాకృతిని సినిమాలో చేర్చే హక్కు కూడా ఆ కృతి యజమానిదే. కొన్నది వస్తువును, ఆ హక్కును కాదు. సెక్షన్ 52(1)(యు) కింద వెనకాల ఎక్కడో, అసలు విషయానికి ఆనుషంగికంగా కనిపిస్తే పరవాలేదు. అంటే అరలో బొమ్మ కనిపించడం వేరు, బొమ్మే కథానాయకుడు కావడం వేరు. మాది రెండోది.

మాకు పనికొచ్చింది సెక్షన్ 15. డిజైన్‌గా రిజిస్టర్ చేయించుకునే వీలుండీ చేయించని ఆకారాన్ని పారిశ్రామికంగా 50 కంటే ఎక్కువసార్లు తయారు చేస్తే, ఆ డిజైన్‌కు కాపీరైట్ నిలవదు. అచ్చులో లక్షల్లో పోసే ప్లాస్టిక్ బొమ్మ సరిగ్గా దీని కిందికే వస్తుందని వాదించొచ్చు. రిజిస్టర్ చేయించి ఉంటే డిజైన్ల చట్టం 2000 కింద 10 ఏళ్లు, ఇంకో 5 పొడిగింపు. కానీ ఆ చట్టం ఆపేది అదే డిజైన్‌తో వస్తువు తయారు చేసి అమ్మడాన్ని, వీడియో తీయడాన్ని కాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది: బొమ్మకు ముందు గీసిన పాత్ర చిత్రం కళాకృతిగానే మిగిలిందని కంపెనీ లాయర్లు అంటారు. అందుకే ఈ వాదన ఒక్కదాని మీదే నిలబడకూడదు.

రెండో కాలు పేరడీ. మన దగ్గర ఫెయిర్ డీలింగ్, అంటే అనుమతి లేకుండా వాడుకోనిచ్చే మినహాయింపు, సెక్షన్ 52(1)(ఎ)లో రాసిన సొంత వాడకం, విమర్శ లేదా సమీక్ష, వార్తా కథనం వరకే. అమెరికాలోని ఫెయిర్ యూజ్ మాదిరి నాలుగు కొలతలతో తూచే విశాలమైన మినహాయింపు కాదు. అయినా 1996లో కేరళ హైకోర్టు, ఒక పేరున్న నాటకాన్ని విమర్శిస్తూ దాని పాత్రలతోనే రాసిన ప్రతినాటకాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. అమెరికాలో అయితే బొమ్మల మీదే సూటి తీర్పు ఉంది. టామ్ ఫోర్‌సైత్ అనే ఫొటోగ్రాఫర్ బార్బీలను మిక్సీలోనూ వంటసామాన్ల మధ్యనూ పెట్టి ఫొటోలు తీస్తే బార్బీ కంపెనీ మ్యాటెల్ దావా వేసింది. 2003లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు అది ఫెయిర్ యూజ్ అంది. తర్వాత మ్యాటెల్ ఆయనకు 18 లక్షల డాలర్లకు పైగా కోర్టు ఖర్చులు చెల్లించాల్సి వచ్చింది. యూట్యూబ్ తొలగింపు నడిచేది డీఎంసీఏ అనే అమెరికా 1998 నాటి కాపీరైట్ చట్టం కింద కాబట్టి, అనంతపురంలో కూర్చుని రాసే జవాబులో కూడా ఈ తీర్పుకు విలువ ఉంటుంది.

స్ట్రైక్‌కు దారులు మూడు. ఊరుకుని కాపీరైట్ స్కూల్ అనే చిన్న పరీక్ష రాస్తే 90 రోజులకు స్ట్రైక్ పోతుంది, వీడియో మాత్రం రాదు. ఈలోగా మొత్తం మూడు పడితే చానెల్ పోతుంది. కంపెనీని అడిగి నోటీసు వెనక్కి తీయించుకోవడం రెండోది. తొలగింపు తప్పని మనం ఇచ్చే ఎదురు నోటీసు, అంటే కౌంటర్ నోటిఫికేషన్, మూడోది. మేం రెండోదానితో మొదలుపెట్టాం. వివరాల్లో ఉన్న ఈమెయిల్‌కు ఆరేడు వాక్యాలు: వీడియో లింకు, మీరు పేర్కొన్న ధారావాహికలోని దృశ్యం గానీ శబ్దం గానీ ఇందులో లేవు, ఉంటే నిమిషం సెకను చెప్పండి, లేకపోతే వెనక్కి తీసుకోండి. జతగా పాతిక ఫ్రేములు ఒకే పేజీలో పెట్టిన చిత్రం, సెట్టు పక్కన కెమెరా స్టాండు కనిపించే ఫొటో, బొమ్మ కొన్న బిల్లు. అభిమానులం, పేదవాళ్లం, డబ్బు రావట్లేదు లాంటి మాటలు ఒక్కటీ రాయలేదు. అవి చదివేవాడికి పనికిరావు, పైగా తప్పు ఒప్పుకున్నట్టు వినిపిస్తాయి. ఏజెన్సీ నుంచి జవాబు రాలేదు. ఇది మామూలే.

కౌంటర్ నోటిఫికేషన్ ఫారం ఐదు నిమిషాల పని, దాని బరువు మాత్రం ఐదు నిమిషాలది కాదు. అందులో మన పూర్తి చట్టబద్ధమైన పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. అవన్నీ నేరుగా కంపెనీకి వెళ్తాయి. ఇల్లు తెలియకూడదనుకుంటే లాయరు ద్వారా పంపించొచ్చు. పేరు గడిలో చానెల్ పేరు రాస్తే తిరిగొస్తుంది. వీడియో పొరపాటున తొలగించారని నమ్ముతున్నామని, అబద్ధమైతే శిక్షకు లోబడి, ప్రమాణపూర్వకంగా చెప్పాలి. అమెరికా బయట ఉన్నవాళ్లు యూట్యూబ్ ఉన్న కాలిఫోర్నియా ఫెడరల్ జిల్లా కోర్టు పరిధికి ఒప్పుకోవాలి. కింద సంతకం అంటే పూర్తి పేరు టైపు చేయడమే. కోర్టు ఆవరణలో ఎవరైనా 100 రూపాయల స్టాంపు పేపరు, నోటరీ కావాలంటే నమ్మొద్దు. ఈ ఫారానికి అవి అక్కర్లేదు. 18 ఏళ్లు నిండని పిల్లల చానెల్ అయితే తల్లో తండ్రో పేరు పెట్టి నింపాలి.

ఆ కోర్టు పరిధి వాక్యం చదివి మావాళ్లు కొందరు జడిశారు. దావా వేస్తే అమెరికా చట్టంలో ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల దాకా, కావాలనే చేశారని తేలితే 1,50,000 దాకా నష్టపరిహారం ఉంది. అది నిజమైన ప్రమాదమే. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద ఏ దేశాల కోర్టు తీర్పులను ఇక్కడ నేరుగా అమలు చేస్తారో ఆ జాబితాలో అమెరికా లేదు. అక్కడి తీర్పు పట్టుకుని ఇక్కడ మళ్లీ దావా వేసుకోవాలి, అది విదేశీ తీర్పు ఎప్పుడు చెల్లుతుందో చెప్పే సెక్షన్ 13 పరీక్షకు నిలవాలి. కరెంటు కోసం ఎదురుచూసే బొమ్మ కోసం ఏ కంపెనీ అంత దూరం రాదని మా లెక్క. అయినా కార్టూన్ ఎపిసోడ్‌కు రాయలసీమ యాసలో డబ్బింగ్ చెప్పి పెట్టేవాళ్లకు ఈ ఫారం వద్దే వద్దు. యాస ఎంత బాగా పండినా దృశ్యాలు వాళ్లవే. అక్కడ ప్రమాణం చేస్తే అబద్ధ ప్రమాణమే అవుతుంది.

కారణం గడిలో ఎక్కువ మంది రాసేవి ఇవి: నేను క్రెడిట్ ఇచ్చాను, నేను సంపాదించడం లేదు, ఇంకా వందమంది పెట్టారు. ఇవి కారణాలు కావు. మేం రాసింది: ప్రతి ఫ్రేమూ మేం తీసిన ఫొటో; మీరు చెప్పిన ధారావాహికలోని భాగం ఏదీ లేదు; కథ ఆ పాత్ర గొప్పలను ఎగతాళి చేసే పేరడీ; కనిపించే బొమ్మ మార్కెట్లో కొన్న పారిశ్రామిక వస్తువు; నోటీసు పంపేముందు ఫెయిర్ యూజ్ చూడాలని 2015లో తొమ్మిదో సర్క్యూట్ లెంజ్ కేసులో చెప్పింది. అంతే. ఫారంలో ఆధారాలు జతపరచే చోటు లేదు, యూట్యూబ్ జడ్జిలా తూచదు కూడా. జవాబు చట్టానికి సరిపడేలా ఉందా లేదా చూసి కంపెనీకి పంపుతుంది. అక్కడి నుంచి వాళ్లకు 10 పని దినాలు. అవి అమెరికా పని దినాలు, శని ఆదివారాలూ వాళ్ల పండగ సెలవులూ పోను. మన క్యాలెండర్‌లో రెండు వారాలు దాటుతుంది, డిసెంబరులో ఇంకా ఎక్కువ. ఆలోగా కోర్టులో దావా వేసిన ఆధారం చూపకపోతే వీడియో తిరిగొస్తుంది, స్ట్రైక్ పోతుంది. మాకు అదే జరిగింది. యూట్యూబ్ నుంచి వచ్చిన మెయిల్ రెండు వాక్యాలు, కంపెనీ నుంచి ఒక్క అక్షరం కూడా లేదు.

దీంతో గెలిచామనుకునే లోపు లాయరు నోటీసు వచ్చింది. ఈసారి కాపీరైట్ కాదు. మా చానెల్ పేరులో బొమ్మ బ్రాండు పేరు పక్కన "తెలుగు" అని ఉండేది, గుండ్రటి లోగోలో ముసుగు ఉండేది. అడిగినవి చాలా ఉన్నాయి: పేరు మార్చాలి, లోగో తీయాలి, హ్యాండిల్ (@ గుర్తుతో ఉండే చానెల్ చిరునామా) అప్పగించాలి, వీడియోలన్నీ తీసేయాలి, మళ్లీ ఆ బొమ్మ జోలికి రామని హామీపత్రం రాసివ్వాలి. మధ్యలో కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కూడా పెట్టారు. అది క్రిమినల్ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గదని, బెయిలు హక్కు లేనిదని 2022లో సుప్రీంకోర్టు తేల్చాక ప్రతి నోటీసులోనూ ఇదే కనిపిస్తోంది. తెలిసీ ఉల్లంఘించారని రుజువు కావాలన్న ముక్క మాత్రం నోటీసుల్లో ఉండదు.

పేరు దగ్గర మేం వాదించలేదు. బ్రాండు పేరు పక్కన భాష పేరు పెడితే కంపెనీ సొంత తెలుగు చానెలని ఎవరైనా అనుకుంటారు. ట్రేడ్‌మార్క్ చట్టం 1999 సెక్షన్ 29 ఆపేది దాన్నే. కోల్‌కతా అన్నదమ్ములు ఇద్దరు స్క్రాబుల్ (అక్షరాలతో మాటలు కట్టే బల్ల ఆట) లాంటి ఆట ఆన్‌లైన్లో పెట్టినప్పుడు మ్యాటెల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2008లో కోర్టు ఆట బల్ల మీద కాపీరైట్ వాదన ఒప్పుకోలేదు గానీ, పేరు మాత్రం వాడొద్దంది. జర్మనీలో కూడా 2019లో ఒక యూట్యూబర్ లోగోలో ఇటుక బొమ్మ ఉందని లెగో లాయర్లు రాస్తే ఆయన లోగో మార్చుకున్నారు, చానెల్ నడుస్తూనే ఉంది. పేరూ లోగో వాళ్లకు ఇచ్చేయడం చవక బేరం.

పేరు మార్చేటప్పుడు చిన్న చిక్కులున్నాయి. యూట్యూబ్‌లో పేరు గానీ హ్యాండిల్ గానీ 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వరు, కాబట్టి పేరు ఖాయం చేసుకున్నాకే ముట్టుకోవాలి. పాత హ్యాండిల్ 14 రోజులు మన పేరున ఉండి తర్వాత ఎవరైనా తీసుకునేలా అవుతుంది. వెరిఫికేషన్ గుర్తుంటే పేరు మార్చగానే పోతుంది. పాత వీడియోల థంబ్‌నెయిళ్లలో, ఎండ్‌స్క్రీన్‌లో, వివరణలో అతికించిన లోగోలు కూడా తీయాలి. అవి మర్చిపోతే రెండో నోటీసు వాటి మీదే వస్తుంది.

జవాబు ఒకటిన్నర పేజీ, పైన "వితౌట్ ప్రెజుడిస్" (మా హక్కులకు భంగం లేకుండా) అని రాసి స్పీడ్ పోస్ట్‌లోనూ మెయిల్‌లోనూ పంపాం. పేరు, లోగో మార్చామని, తప్పు ఒప్పుకున్నట్టు కాదని. వస్తువు ఏదో చెప్పడానికి దాని పేరు నిజాయితీగా వాడటం సెక్షన్ 30 కింద చెల్లుతుంది కాబట్టి వీడియోలు ఉంటాయని. ఆధారం లేని బెదిరింపులకు ఆ చట్టంలోనే సెక్షన్ 142 ఉందని. వాళ్లు పంపిన హామీపత్రం మీద సంతకం పెట్టలేదు. అందులో "భవిష్యత్తులో ఏ రూపంలోనైనా" అన్న మాట ఉంది. దాని కింద సంతకం పెడితే అరలో బొమ్మ కనిపించినా ఒప్పందం తప్పినట్టే. ఇంటికి నోటీసు వచ్చిన కంగారులో చాలామంది సంతకం పెట్టేది ఈ కాగితం మీదే. ఆఫీసు ఢిల్లీలో ఉంటే కంపెనీ ఢిల్లీలోనే దావా వేసుకోవచ్చు కాబట్టి, జవాబు వరకైనా లాయరు చేత ఒకసారి చూపించుకోవడం మంచిది. వాళ్లు మళ్లీ రాయలేదు.

అప్పటి నుంచి టైటిల్‌లో "ఫలానా బొమ్మతో తీసిన కథ" అని రాస్తాం, "అఫీషియల్" అన్న మాట ఎక్కడా ఉండదు. థంబ్‌నెయిల్‌లో కంపెనీ డబ్బా మీద అచ్చు వేసిన చిత్రం పెట్టం, మేం తీసిన ఫ్రేమే పెడతాం. వివరణలో మొదటి వాక్యం: ఈ చానెల్‌కు కంపెనీతో సంబంధం లేదు. ఇది ట్రేడ్‌మార్క్‌కు పనికొస్తుంది, కాపీరైట్‌కు పనికిరాదు. మన చానెళ్లన్నీ ఒకరి నుంచి ఒకరు అతికించుకునే "సెక్షన్ 107, కాపీరైట్ యాక్ట్ 1976" పేరా అమెరికా చట్టానిది. అది పెట్టినంత మాత్రాన ఏ వీడియోకూ రక్షణ రాదు. బొమ్మ నకిలీది కాకూడదు; 2021 జనవరి నుంచి బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది ఉందో లేదో చూసి బిల్లుతో కొంటాం. నకిలీ బొమ్మను బ్రాండు పేరుతో చూపిస్తే పైన చెప్పిన వాదనలేవీ నిలవవు. కొత్త కంపెనీ బొమ్మ తీసుకునేముందు ఆ కంపెనీ విధానం చదువుతాం. యుద్ధ ఆటల బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ లాంటిది 2021లో అభిమానుల సినిమాలు, యానిమేషన్లు అసలే వద్దని రాతపూర్వకంగా ప్రకటించింది. ఆ బొమ్మలతో కథలు చేయడం కోరి తెచ్చుకోవడమే.

గొడవే వద్దనుకుంటే పాత్రలు మార్చుకోవాలి. హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ పోనీ (చిన్న గుర్రం) పాత్రలతో అభిమానులు చేస్తున్న ఫైటింగ్ గేమ్‌ను 2013లో కంపెనీ ఆపించింది. వాళ్లు పాత్రలన్నీ కొత్తగా గీయించుకుని 2018లో బయటికి తెచ్చారు. మాకైతే తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట ఊరు దగ్గరే ఉంది. తోలుబొమ్మలు సెల్‌ఫోన్ కెమెరాకు వెనక ఎల్‌ఈడీ పెడితే చాలు, రంగు దిగుతుంది. అక్కడా ఊరికే తీయకూడదు. ప్రతి బొమ్మా చేత్తో చేసిన కళాకృతి, చేసిన కళాకారుడిదే కాపీరైట్. సెక్షన్ 15 మాట ఇక్కడ చెల్లదు. మేం రాయించుకునే అనుమతి ఒక్క పేజీ: ఏ బొమ్మలు (ఫొటోలతో), ఏ వీడియోలకు, ఎన్నేళ్లు, ప్రకటనల డబ్బులో ఆయన వాటా ఎంత, పేరు వీడియోలో ఎక్కడ వేయాలి. ఎన్నేళ్లో రాయకపోతే చట్టం ఐదేళ్లు అనుకుంటుంది, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. యూట్యూబ్ ప్రపంచమంతా కనిపిస్తుంది కాబట్టి ఆ రెండు గడులు ఖాళీగా వదలం.